పద్నాలుగో నంబరు ఇంటి కూన

పొద్దున లేవగానే సోములమ్మ మొదట తలుపు గడియ చూస్తుంది. తర్వాత గడప దగ్గర వంగి, పడుకోబోయే ముందు తను చల్లిన బూడిద మీద పరాయి అడుగు ఏదైనా పడిందేమో చూస్తుంది. రెండూ సరిగ్గానే ఉన్నాయని సగం నమ్మకం కుదిరాక పొయ్యి పక్కనున్న వెదురు బుట్ట దగ్గరికి వెళుతుంది. పూర్తి నమ్మకం ఆమెకు దేని మీదా కుదరదు.

బుట్టలో చోడిగడ్డి, గడ్డి మీద పాత చీర ముక్క, ఆ ముక్కలో పిల్లికూన. బూడిదరంగుది, అరచేతిలో ఇమిడిపోతుంది. నిప్పుల దగ్గర వెచ్చబెట్టిన గుండ్రాయిని గుడ్డలో చుట్టి దాని వీపుకు ఆనిస్తుంది. మేకపాలలో కాసిని నీళ్లు కలిపి గోరువెచ్చగా కాచి, వాసన చూసి, ఒక చుక్క తన నాలుక మీద వేసుకుని, అప్పుడుగాని ఇంకుఫిల్లర్‌లోకి ఎక్కించదు. కూనను వెల్లకిలా పట్టుకోదు. అలా పడితే పాలు ఊపిరిలోకి పోతాయి. తల్లి పొట్ట దగ్గర బోర్లా పడుకున్నట్టే ఒళ్లో పెట్టుకుని చుక్క చుక్కగా వదులుతుంది. తాగాక తడి దూదితో పొట్ట కింద మెల్లగా తుడిస్తేనే అది ఉచ్చ పోస్తుంది. ఇంట్లో ఉన్నంతసేపూ రెండు గంటలకొకసారి ఇదే తంతు, ఐదు నెలలుగా.

ఈ ఐదు నెలల్లో కూన కళ్లు తెరవలేదు, వేలెడు కూడా పెరగలేదు. కాలనీలో ఎవరూ దానికి వింతపడలేదు. ఆ కొండల్లో పిల్లికూన తనకు ఇల్లు కుదిరిన చోటే కళ్లు తెరుస్తుంది. కళ్లు తెరవని కూనకు వయసు రాదు. సోములమ్మ ఆడపడుచు కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు కూన నెలన్నర అలాగే ఉండిపోయింది. పొయ్యిని తూర్పు మూలకు మార్చిన పూటే తెరిచింది. అక్కడి వాళ్లకు ఇది వాన పడితే నేల తడిసినంత మామూలు.

"అత్తా, అంబలి." కోడలు రమణి గిన్నె పట్టుకొచ్చింది. ఏడో నెల కడుపు.

సోములమ్మ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రమణి కాపురానికొచ్చి మూడేళ్లయింది. ఈ మూడేళ్లలో సోములమ్మ కోడలి చేతి గిన్నెను వాసన చూడకుండా ఒక్కసారీ తాగలేదు. కొడుకు ఉదయ్ డొంకరాయి డ్యామ్ దగ్గర వాచ్‌మన్. నెలకోసారి వస్తాడు. వాడు తెచ్చిన జంతికల్నీ ఆమె అలాగే చూస్తుంది.

"ఇసం కలిపీనాను, బేగి తాగు," అంది రమణి.

"కలిపినోలు సెప్పరే," అని సోములమ్మ తాగింది.

*

వాళ్ల ఊరు మెట్టగుమ్మి, డుంబ్రిగుడ సంతకు మూడు గంటల నడక. ఇరవై రెండు గడపలు. కాఫీ, మిరియం తీగలు, పసుపు, చోళ్లు. ఆ కొండ కడుపులో తెల్లరాయి ఉందట. కొండ మీద బతికే మనుషుల కన్నా కొండ కింద చచ్చి పడున్న రాయి విలువైనదని ఎక్కడో ఒక చల్లటి గదిలో ఎవరో తేల్చేశారు. వాళ్లలో ఒక్కడూ మెట్టగుమ్మి ఎక్కి ఆ గాలి పీల్చినవాడు కాదు. ఊరిని వెళ్లగొట్టడానికి పునరావాసమని పేరు పెట్టారు. పేరు పెట్టేశాక దోపిడీ కూడా దానధర్మంలా కనిపిస్తుంది.

కొండ అడుగున, రోడ్డు పక్కన, ఇరవై రెండు సిమెంటు ఇళ్ల కాలనీ లేచింది. మెట్టగుమ్మిలో ఇల్లు కట్టాలంటే ముందు ఆ చోట ఆకు దొప్ప కింద బియ్యపు గింజలు జతలు జతలుగా పెడతారు. తెల్లారి ఏ గింజా కదలకపోతేనే గుంజ పాతుతారు. కాలనీ కట్టినవాళ్లు గింజలు పెట్టలేదు, టేపు పెట్టారు. మొదటి గోడ మీద ఎర్ర రంగుతో 'పక్కా ఇల్లు, పక్కా భవిష్యత్తు' అని రాశారు. తొలి వానకే భవిష్యత్తు కారిపోయి పక్కా ఇల్లు ఒక్కటే మిగిలింది. ఆ ఇల్లూ కారుతోంది.

దిగి వచ్చిన రోజు ఆనవాయితీ ప్రకారం ఊళ్లో చివరగా పుట్టిన కూనను పెద్దామె సోములమ్మ ఒడిలో వేసుకుని వచ్చింది. మూడు రోజుల కూన. తల్లిపిల్లి గెడ్డ దాకా వెంట వచ్చి, నీటి ఒడ్డున కూర్చుని, ఎంత పిలిచినా దాటలేదు. వెనక్కి తిరిగి కొండెక్కిపోయింది.

మర్నాడు గ్రామసభ. ఊరు ఒప్పుకున్నట్టు తీర్మానం కావాలి. అది అమలైన రోజు కొండ కంపెనీకి అప్పగిస్తారు. అప్పటిదాకా తోటలు చూసుకోవచ్చు. ఆఫీసరు కుర్చీలో, గుమాస్తా బల్ల దగ్గర, జనం నేల మీద.

"ఇళ్లిచ్చాం, కొళాయిలిచ్చాం, ఇంకా దేనికమ్మా ఆలోచన?" అన్నాడు ఆఫీసరు.

"ఇల్లు కుదరాల గదా బావూ. కూన కళ్లు తెరిస్తే కుదిరినట్టు. ఆ రోజు నుంచి కొండ మీకే," అంది సోములమ్మ. మెట్టగుమ్మి వాళ్లు మాట తప్పడానికి అలా అనలేదు. ఇల్లు కుదరకుండా కుదిరిందని వేలిముద్ర వేయడం వాళ్లకు తెలియదు, అంతే.

ఆఫీసరు నవ్వాడు. "మా ఇంట్లోనూ పిల్లి ఉంది. పది రోజుల్లో తెరుస్తాయి. రాసెయ్యవయ్యా, వాళ్ల ముచ్చట మనమెందుకు కాదనాలి?"

గుమాస్తా రాశాడు. సోములమ్మ చదివించుకుంది. మళ్లీ చదవమంది.

"కూన అంటే ఏ కూన? రేపు ఇంకో కూనను తెచ్చి ఇదే అంటారు. ఈ కూన అని రాయి. బూడిదరంగు, ముందు కాలు ఒకటి తెలుపు."

"ఏ కాలు?"

"అది నాకు తెలుసులే. నువ్వు రాయొద్దు." అప్పటికే ఆమె కూనను చీర కుచ్చిట్లలో దాచేసింది. ఎడమ కాలు తెలుపని ఆమెకు తెలుసు, రమణికి తెలుసు. మూడో మనిషికి తెలియదు. "ఇల్లంటే ఏ ఇల్లు? మా ఇంటి నంబరు ఎయ్యి."

"ఏ నంబరైతే ఏంటమ్మా!"

"ఎయ్యి బావూ."

'బూడిదరంగు గల, ముందు కాలు ఒకటి తెలుపు గల ఈ కూన, కాలనీ పద్నాలుగో నంబరు ఇంట్లో కళ్లు తెరిచిన రోజు నుంచి ఈ తీర్మానం అమలులోకి వచ్చును.' మూడోసారి చదివించుకుని ఆమె బొటనవేలు ఇచ్చింది. ఆఫీసరు సంతకం చేసి, వాచీ చూసుకుని, జీపెక్కాడు.

పది రోజులు, నెల, రెండు నెలలు గడిచాయి. ఆఫీసరు పశువుల ఆసుపత్రి కాంపౌండర్ మోసెస్‌ను పంపాడు. మోసెస్ మిషను బళ్లో చదువుకున్నవాడు, ఆ కొండలవాడే. సోములమ్మ ముందుకాళ్లకు గుడ్డ చుట్టి ఇచ్చిన కూనను అటూ ఇటూ తిప్పి చూసి సర్టిఫికెట్ రాశాడు: 'ఆరోగ్యము బాగున్నది. ఇల్లు కుదరలేదు.'

"దీనికి మందు లేదా?" అని ఆఫీసరు ఫోన్లో అరిచాడట.

"ఇంటికా సార్, పిల్లికా?" అన్నాడట మోసెస్.

*

సోములమ్మకు అప్పట్నుంచే అసలు భయం పట్టుకుంది. కూన కళ్లు తెరిస్తే కొండ పోతుంది. కూన చచ్చిపోతే ఇంకో కాగితం తెస్తారు, ఈసారి ముద్ర ముందు, చదవడం తర్వాత. రెండూ జరగకూడదు. అందుకని కూన ఇలాగే, కళ్లు మూసుకుని, బతికి ఉండాలి. కాలనీలో అందరూ అలా అనుకోవడం లేదని ఆమె అనుమానం. రోడ్డుకు అలవాటు పడినవాళ్లున్నారు. పదమూడో నంబరు పోలయ్యకు కరెంటు బల్బు మీద మోజు. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?

కంపెనీ మనిషి వరహాలరావు వారానికోసారి వచ్చేవాడు. మైదానం నుంచి వచ్చినవాడు, చొక్కా జేబులో రెండు పెన్నులు. వలిసె పూలు విచ్చుకుంటున్న రోజుల్లో ఒక పొద్దున సంచీతో దిగాడు.

"సోములమ్మా, శుభవార్త! నీ కూన నిన్న రోడ్డు మీదకొచ్చేసింది. కళ్లు తెరిచేసింది. నేనే పట్టుకొచ్చాను." సంచీలోంచి బూడిదరంగు పిల్లను తీశాడు. గుండ్రటి కళ్లతో అది లోకమంతా చూస్తోంది. "ఇదిగో, కుడి కాలు తెలుపు. సరిపోయిందా?"

సోములమ్మ ముందుకు వంగింది. వేలికి ఉమ్మి రాసుకుని ఆ తెల్లకాలును రుద్దింది. సున్నం వేలికి వచ్చేసింది.

"పండక్కి గోడలకు కొట్టగా మిగిలిందేటి బావూ?"

అరుగు మీది ఆడవాళ్లు పగలబడి నవ్వారు. వరహాలరావు పిల్లను సంచీలో వేసుకుని, మొహం ఎర్రగా చేసుకుని పోయాడు. సోములమ్మ మాత్రం నవ్వలేదు. కుడి కాలని అంత ధీమాగా ఎలా అన్నాడు? గుడ్డిగా ఊహించేవాడైతే నసుగుతాడు. వాడికెవరో చెప్పారు. ఎదురుగా చూసినవాడికి ఎడమ కుడి తారుమారై ఉండొచ్చు. కానీ చెప్పడమంటూ జరిగింది. తెలిసినవాళ్లు ఇద్దరే.

ఆ సాయంత్రం పోలయ్య గోడ మీంచి తల పెట్టాడు. "సోములమ్మప్పా, సెప్పకూడదు గానీ... మొన్న సంతలో నీ కోడలు ఆ పెన్నులోడితో మాటాడతా ఉంది. నవ్వతా కూడా."

"నువ్వేటి సేత్తన్నావు అక్కడ?"

"నానా? ఎండుసేపలు కొంటన్నాను."

"సేపలు సూసుకోక నా కోడల్ని సూసినావా? ఎల్లు."

పోలయ్యను పంపేసింది గానీ మాట లోపలికి దిగిపోయింది. రమణికి రోడ్డు పక్క కాలనీ అంటే ఇష్టమై ఉంటుంది. కానుపుకు ఆసుపత్రి దగ్గర. మెట్టగుమ్మి నుంచి డోలీ కట్టుకుని దిగుతూ దారిలోనే కన్నుమూసిన ఆడవాళ్లను సోములమ్మే ఇద్దరిని చూసింది. ఆ భయం అబద్ధం కాదు. అదే ఆమెను ఇంకా కలవరపెట్టింది.

మిగతావన్నీ ఇప్పుడు ఒకదానికొకటి అతుక్కున్నాయి. పొద్దున మేకను మేపడానికి సోములమ్మ పోతే మధ్యాహ్నానికి గాని రాదు. వచ్చేసరికి ఈమధ్య కూన పొట్ట బొద్దుగా ఉంటోంది. ఫిల్లర్ నోట్లో పెడితే మొహం తిప్పేస్తోంది. నెల కిందట ఎముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయిన కూన ఇది. ఎవరు ఏం పోస్తున్నారు? ఒకరోజు దాని గోళ్ల సందుల్లో మసి. ఇంట్లో అత్తాకోడళ్లు వండేది కిరసనాయిలు స్టవ్ మీద. పేరుకు పొయ్యి ఉన్నా, దానిలో కూన రాయి కోసం నాలుగు నిప్పులు తప్ప మసి పట్టేంత మంట ఏనాడూ లేదు.

మర్నాడు మేకతో బయల్దేరే ముందు ఆమె పెరటి గడప దగ్గర కూడా బూడిద చల్లింది. మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే రమణి అడుగులు బయటికి పోయాయి, లోపలికొచ్చాయి. లోపలికొచ్చిన అడుగుల్లో ఎర్రమట్టి. కాలనీ మట్టి తెలుపు. రోడ్డు మట్టి నలుపు. ఎర్రమట్టి గెడ్డ దాటాకే ఉంటుంది.

కంపెనీ గుడారం కూడా గెడ్డ దాటాకే ఉంది.

*

ఆ తర్వాతి రోజు సోములమ్మ మేకను తోలుకుని ఎప్పటిలాగే పోయింది. వలిసె చేను మలుపులో దాన్ని చెట్టుకు కట్టేసి, పసుపు పూల మధ్య కూర్చుంది. కాసేపటికి రమణి పెరటి దారిన వచ్చింది. ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి రవిక దగ్గర. రవిక లోపల ఏదో కదిలింది.

సోములమ్మ వెనకే నడిచింది. గెడ్డ దాటాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే గుడారం. 'ఇప్పుడు తిరుగుతాది,' అనుకుంది. చేతిలో ఎప్పుడు తీసుకుందో, మేక తోలే కర్ర ఉంది.

రమణి ఎడమకు తిరగలేదు. కొండెక్కింది. ఏడు నెలల కడుపుతో, రెండు అడుగులకొకసారి ఆగుతూ, వేర్లు పట్టుకుని అడ్డదారిన ఎక్కింది. వెనక సోములమ్మకే ఆయాసం వచ్చింది. అయినా అనుమానం తగ్గలేదు. పైన ఎవరైనా కాచుకుని ఉన్నారేమో!

మెట్టగుమ్మిలో ఇళ్లకు కప్పులు లేవు. దిగిన రోజే తీయించేశారు, మళ్లీ ఎక్కకుండా. సోములమ్మ ఇంట్లోకి ఎండ నేరుగా పడుతోంది. నడిమధ్య పాత పొయ్యి, దాని మూడు రాళ్లు, సన్నటి మంట. పొయ్యి పక్కన తల్లిపిల్లి పడుకుని ఉంది. దాని పొట్టను కరుచుకుని, ముందుకాళ్లతో ఒత్తుతూ, కూన పాలు తాగుతోంది. ఐదు నెలలుగా కూనకు వయసు ఆగినట్టే తల్లికి పాలు కూడా ఇంకిపోకుండా అలాగే ఉన్నాయి.

"ఒలే!"

రమణి ఉలిక్కిపడి కూన మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవులకమ్మినావే దీన్ని?"

"అమ్మేదాన్నయితే కొండెందుకు ఎక్కుతానత్తా? నీ సేతిలో అది సచ్చిపోతాంది. మేకపాలు దానికి పడలేదు. దీని అమ్మ ఇక్కడే కాసుకోనుంది. నీకు సెబితే నమ్ముతావేటి? నా అంబలే నమ్మవు."

"మరి ఆ పెన్నులోడితో సంతలో నవ్వులేటి?"

"ఏ కాలు తెలుపని అడిగినాడు. కుడికాలని సెప్పినాను." రమణి కళ్లు తుడుచుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఏదోటి సెప్పకపోతే ఇంకెవుల్నో అడుగుతాడు గదా. అందికే సెప్పినాను."

సోములమ్మ కర్ర కింద పెట్టి పొయ్యి దగ్గర చతికిలబడింది.

"ఆసుపత్రి దగ్గరని నీకు కింద ఇష్టం గాదేటి?" అంది చివరికి, నేలను చూస్తూ.

"ఆసుపత్రి కావాల. దానికి కొండెందుకివ్వాల? కొండ తీసుకోకుండా ఆసుపత్రి ఇవ్వలేరేటి?"

ఐదు నెలలుగా ఏ ఆఫీసరూ తనకు తాను వేసుకోని ప్రశ్న అది. సోములమ్మ తలెత్తి కోడలిని మొదటిసారి చూసినట్టు చూసింది.

అప్పుడు చూసింది, రమణి అరచెయ్యి ఇంకా కూన మొహం మీదే ఉంది.

"ఆ సెయ్యేటి?"

"ఇక్కడ పాలు తాగినాక దీని రెప్పలు అదురుతాయత్తా. విచ్చుకోబోతాయి. దినామూ సెయ్యి అడ్డమెట్టి బేగి కిందికి అట్టుకెల్లిపోతన్నాను. తెరిస్తే కొండ పోతాది గదా." రెండో చెయ్యి నేలకానించి లేవబోయింది. "ఇయాల మరీ అదురుతాంది. ఎల్లిపోదామా?"

సోములమ్మ కదలలేదు. ఆమెకు చదువు రాదు. కానీ ఎవర్నీ నమ్మని మనిషికి మాటలు మరుపు రావు. మూడుసార్లు చదివించుకున్న కాగితం లోపల మెల్లగా, గుమాస్తా గొంతుతో, తిరిగింది. ఈ కూన. ఈ కూనే, ఇంకోటి కాదు. పద్నాలుగో నంబరు ఇంట్లో. ఆ ఇంట్లోనే, ఇంకెక్కడా కాదు. నంబరు ఎయ్యి బావూ అని పట్టుబట్టింది తనే. కూన కళ్లు తెరిచేది ఒక్కసారే. ఒకసారి తెరిచిన కూన, మరి పద్నాలుగో నంబరు ఇంట్లో ఇంకేం తెరుస్తుంది?

"రమణీ."

"ఏటత్తా?"

"సెయ్యి తియ్యి."

"అత్తా!"

"తియ్యే గుంటా. నాను సెబుతన్నాను. తియ్యి."

రమణి చెయ్యి తీసింది. ఎండ కూన మొహం మీద పడింది. రెప్పలు అదిరాయి, అతుకు విడింది, సన్నటి నీలపు గీత కనిపించింది. కూన మంట వైపు చూసింది, మూడు రాళ్ల వైపు చూసింది, తర్వాత సోములమ్మ మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కూడా కాస్త అనుమానం ఉంది.

"ఇల్లు కుదిరినాది," అంది సోములమ్మ.

*

ఆగిన ఐదు నెలల వయసూ కూనకు మూడు రోజుల్లో వచ్చేసింది. నాలుగో రోజుకు అది ఎలుకను పట్టింది. మోసెస్ కొండెక్కి వచ్చి సర్టిఫికెట్ రాశాడు: 'కళ్లు తెరిచినది. చోటు: మెట్టగుమ్మి, పాత ఇల్లు. నంబరు లేదు.'

ఆఫీసరు ఫైలు ముందేసుకుని రెండు రోజులు తిరగేశాడట. ఇంకో కూనను పెడదామా అంటే ఈ కూన అని ఉంది. ఇంకో ఇల్లు అందామా అంటే పద్నాలుగో నంబరని ఉంది. కింద ఉన్నది తన సంతకమే. కొత్త తీర్మానానికి గ్రామసభ పిలిస్తే కాలనీకి ఒక్క మనిషీ రాలేదు. ఇరవై రెండు గడపల వాళ్లూ కొండ మీద కప్పులు నేసుకుంటున్నారు. పోలయ్య అందరికన్నా ముందు ఎక్కాడు, బల్బు కూడా విప్పి తెచ్చుకున్నాడు.

అమలు తేదీ దగ్గర ఉన్న ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది. కాఫీ పళ్లు ఎర్రబడే నాటికి గెడ్డ అవతలి గుడారం లేదు. మనుషులు వెళ్లిపోయినా వాళ్ల జీపు మాత్రం ఒకటి అప్పుడప్పుడు రోడ్డు దగ్గర ఆగి కొండను చూసి పోతుంది.

ఆ పొద్దునా ఆగింది. సోములమ్మ కళ్లం అంచున కూర్చుని దాన్నే చూస్తోంది. పక్కన రాయి మీద పిల్లి, అదీ రెప్ప వేయకుండా అటే చూస్తోంది. నిండు నెలల రమణి గిన్నె తెచ్చి అత్త చేతికిచ్చింది. జీపు మీంచి చూపు తిప్పకుండానే సోములమ్మ అందుకుని గటగటా రెండు గుక్కలు తాగింది. మొహం చిట్లించింది.

"ఒలే! పులిసిపోనాది గదే అంబలి!"

"వాసన సూసుంటే తెలిసీది గదా అత్తా."

సోములమ్మ గిన్నె వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తర్వాత మిగిలింది కూడా తాగేసింది.